నెత్తుటినాళములకు కుట్టు నేర్పిన వైద్యుడు: అలెక్సిస్ కారెల్

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఎవరైన నొక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వ్రాయదగినవారు పెక్కుమంది కలరు. వారి చరిత్రలు మన బీరువాలలో ఇదివరకే యున్నవి. అందుచేత మన పాఠకులు అంతగా నెరుగని యొక వైద్యుని ఎన్నుకొంటిని. ఆయన పేరు అలెక్సిస్ కారెల్, ఫ్రాన్సు దేశస్థుడు. తెగిన నెత్తుటినాళమును సూదిదారములతో కుట్టి, దానిలో మరల నెత్తురు పారునట్లు చేయు పద్ధతిని లోకమునకు నేర్పినవాడు. ముందే యొక మాట మనవి చేయవలసియున్నది. మహనీయుడను పదము ఈయన చేతులకు తగును, తలపులన్నింటికిని తగదు. చేతులును తలపులును ఒక్క మనుష్యునివే గనుక, రెండింటిని గూర్చియు వ్రాయుచున్నాను.

మన దేహమునందు గుండెనుండి నెత్తురును గొనిపోవు దారులను ధమనులనియు, గుండెకు తిరిగి తెచ్చు దారులను సిరలనియు అందురు. ధమనికి గాయమైనచో నెత్తురు చిమ్ముకొని వచ్చును. పెద్ద ధమని తెగినచో కొద్ది నిమిషములలోనే ప్రాణము పోవును. కాలువకు గండి పడినప్పుడు మన రైతులు చేయు పనులు రెండు. పైతూము మూసి నీటిని నిలుపుట మొదటిది. గండిని పూడ్చి నీటిని యథాప్రకారము పారనిచ్చుట రెండవది. మొదటి పనివలన గండి ఆగును గాని క్రింది చేలు ఎండిపోవును. వైద్యులకు వేలయేండ్లుగా మొదటి పని మాత్రమే తెలిసియుండెను. ఎర్రగా కాల్చిన యినుముతో గాయమును వాతపెట్టుట, లేదా నాళమును దారముతో బిగించి కట్టివేయుట. ఫ్రాన్సు దేశపు మంగలి వైద్యుడు అంబ్రోజ్ పారే 1552లో ఒక ముట్టడియందు కాలు తొలగించునప్పుడు వాతలు మాని దారముతో నాళములను కట్టెను. అది గొప్ప మేలే. కాని చేతికో కాలికో పోవు పెద్ద ధమనిని కట్టివేసినచో నెత్తురందక ఆ అవయవము కుళ్ళిపోవుటయు, దానిని కోసివేయవలసివచ్చుటయు తరచుగా జరుగుచుండెను. ప్రాణము దక్కెను, కాలు పోయెను అనుట నాటి వైద్యమునకు విజయమే.

గండి పూడ్చు పనికి మొట్టమొదట సాహసించినది ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున, 1759లో. ఆ కాలమున జబ్బు ఏదైనను నెత్తురు తీయించుట వాడుక. ఒక రోగికి మోచేతివద్ద నెత్తురు తీయుచు, సిరను కోయవలసిన కత్తి దాని అడుగుననున్న ధమనిని గ్రుచ్చెను. లాంబర్ట్ అను వైద్యుని సలహాపై హాలోవెల్ అను శస్త్రవైద్యుడు ఆ రంధ్రపు అంచులగుండ పావు అంగుళపు ఉక్కుసూదిని దూర్చి, దానిచుట్టు దారము చుట్టి మూసివేసెను. గుర్రములకు చికిత్స చేయువారు వాడు కుట్టు అది. ధమని నిలిచెను, చేయి దక్కెను. కాని తరువాత జంతువులపై ఇతరులు చేసిన ప్రయత్నములు విఫలమగుటచే ఆ యుపాయము మూలబడెను. నూరేండ్లకు పైగా దానిని ఎవరును పట్టించుకొనలేదు.

ఇక మన కథానాయకుని సంగతి. కారెల్ 1873వ సంవత్సరము జూన్ 28వ తేదీన లియోన్ నగరపు పొరుగుననున్న సెయింట్ ఫోయ్ అను ఊరిలో జన్మించెను. లియోన్ అనగా పట్టునేతకు యూరపు ఖండమంతటను పేరొందిన పట్టణము. మనకు ధర్మవరము, పోచంపల్లి ఎట్టివో వారికి అట్టిది. తండ్రి బట్టల తయారీ చేయించు వర్తకుడు. బాలుడు మిక్కిలి చిన్నవాడై యుండగనే తండ్రి మరణించెను. అప్పటినుండి బాలుని తండ్రి పేరుననే అలెక్సిస్ అని పిలువసాగిరి. తల్లి పిల్లలను పెంచి పెద్దజేసి, క్రైస్తవ గురువుల పాఠశాలలో చదివించెను. పిమ్మట కారెల్ లియోన్ విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, 1900లో పట్టమును పొందెను. చదువు సాగుచుండగానే, ఆయన బ్రతుకును మలుపు త్రిప్పిన యొక ఘోరము ఆ నగరముననే జరిగెను.

1894 జూన్ 24వ తేదీ. ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ ప్రదర్శనమును చూడవచ్చి, విందు ముగించుకొని బండిలో పోవుచుండెను. కసేరియో అను ఇరువదియేండ్ల ఇటలీ దేశపు అరాచకవాది గుంపులోనుండి దుమికి వచ్చి అధ్యక్షుని పొట్టలో బాకుతో పొడిచెను. బాకు కాలేయమును చీల్చి, ప్రేగులనుండి కాలేయమునకు నెత్తురు చేర్చు పెద్ద సిరను గాయపరచెను. నగరమునందలి ఉద్దండులైన శస్త్రవైద్యులు వచ్చిరి. గాయమును తెఱచి చూచిరి. నెత్తురు వచ్చుచోటు వారికి తెలిసినను, ఆ సిరకు పడిన చిల్లును మూయుటెట్లో వారిలో నెవ్వరికిని తెలియదు. అర్ధరాత్రి దాటిన కొంతసేపటికే అధ్యక్షుడు చనిపోయెను. దేశమునకు తలయైనవాడు, చుట్టును గొప్ప వైద్యులుండగా, ఒక చిన్న చీలికవలన మరణించుట అందరికిని విధిగా తోచెను. కారెల్‌కు మాత్రము అట్లు తోచలేదు. అప్పటికి ఆయనకు ఇరువదియొకటి నిండుటకు నాలుగు దినములు తక్కువ. వైద్యశాలలో అందరికంటె క్రింది మెట్టున నున్న విద్యార్థి. ఆ సిరను కుట్టగలిగియుండవలసినదని ఆయన బాహాటముగా చెప్పెననియు, అది పెద్దలకు రుచింపలేదనియు అందురు.

చెప్పుట సులభము. చేయుటకు ఏమి కావలెను? మొదట సూది కావలెను. వైద్యుల సూదులు చర్మమును కుట్టుటకు చేసినవి. నాళమునకు అవి గునపముల వంటివి. అవి చేసిన రంధ్రములగుండనే నెత్తురు కారిపోవును. కారెల్ వైద్యపరికరముల అంగడి విడిచి, లియోన్‌లో కుట్టుసామగ్రి అమ్ము వర్తకుని యొద్దకు పోయి, మిక్కిలి సన్నని తిన్నని సూదులను, సన్నని పట్టుదారమును తెచ్చుకొనెను. ఇక ఆ సూదిని నడపు నేర్పు కావలెను. అది వైద్యకళాశాలలో నేర్పువారు లేరు. లియోన్‌లో లెరూడియే అను గృహిణి కలదు. బట్టలపై సూదితో పూలు కుట్టు పనిలో ఆ నగరమున ఆమెకు సాటివచ్చువారు అరుదు. కారెల్ ఆమె కడకు శిష్యుడై పోయి ఆ కుట్టుపనిని అభ్యసించెను. మన చందాదారులలో నేతపనివారును, దర్జీలును, ఇంటివద్ద రవికెలకు పువ్వులు కుట్టు ఆడువారును కలరు. వారు ఈ సంగతిని శ్రద్ధతో గమనింపగోరుచున్నాను. నోబెల్ బహుమానము పొందిన శస్త్రవైద్యుల గురుపరంపరలో ఒక కుట్టుపని యామె కలదు. ఆమెను గూర్చి గ్రంథములలో ఇంతకుమించి కనబడకుండుట నాకు కొరతగానే తోచుచున్నది.

మూడవ చిక్కు అన్నింటికంటె పెద్దది. నాళము గుండ్రని గొట్టము, మెత్తనిది, తెగినవెంటనే ముడుచుకొనిపోవును. చొక్కాచేతికి అంచు కుట్టునప్పుడు సూది అవతలి పొరనుగూడ పట్టుకొని చేయి మూసికొనిపోవుట దర్జీలెరిగిన కష్టమే. నాళమును కుట్టునప్పుడు అదియే జరిగినచో నెత్తురుదారి మూసికొనును. కారెల్ దీనికి కనుగొనిన యుపాయము చూడ చిన్నది. రెండు కొనలను దగ్గరకు చేర్చి, గుండ్రని యంచుపై సమానదూరమున మూడుచోట్ల మూడు దారములు వేసి ముడివేసెను. ఆ మూడు దారములను మూడు వైపులకు మెల్లగా లాగినచో గుండ్రని మూతి ముక్కోణమగును. ఇక కుట్టవలసినవి మూడు తిన్నని గీతలు మాత్రమే. లాగిపట్టిన యంచు అవతలిగోడకు దూరముగా నుండును గనుక సూది దారితప్పదు. వంకరను కుట్టలేనప్పుడు వంకరను సరళరేఖలుగా మార్చుకొనుట! ఇంతటి సులభోపాయము అన్నాళ్ళు ఎవరికిని తట్టకపోవుట వింతయే గాని, తట్టిన పిమ్మటనే గదా ఏదైనను సులభముగా కనబడుట.

అంతటితో సరిపోలేదు. నెత్తురునకు ఒక గుణము కలదు. నాళపు లోపొరను తప్ప మరి దేనిని తాకినను అది గడ్డకట్టబోవును. దారము లోపల కనబడినను, గరుకుపట్టకార్లతో లోపొర చిదిమినను అక్కడ గడ్డ ఏర్పడి దారి మూసికొనును. ఆయనకు ముందు ప్రయత్నించినవారిలో పెక్కుమంది ఇక్కడనే ఓడిపోయిరి. షికాగోలో జాన్ మర్ఫీ 1896లో ఒక రోగి తొడధమనిని కొనలో కొన జొప్పించి కుట్టి మెప్పుపొందెను గాని అందరికిని అది సాధ్యము కాలేదు. జర్మను వైద్యుడు పాయర్ 1900లో కొనలను కలుపుటకు మెగ్నీషియము ఉంగరములను వాడిచూచెను. కారెల్ ఉంగరములును గొట్టములును మానివేసి, అంచులను బయటికి మడిచి, లోపొర లోపొరనే తాకునట్లు కుట్టెను. సూదికి, దారమునకు వాసెలిన్ పూసెను. నాళమును వ్రేళ్ళతోను మెత్తని బిగింపులతోను మాత్రమే పట్టుకొనెను. శుభ్రతలో రవ్వంత సడలింపునైనను సహించెడివాడు కాడు. బిగింపు వదలినప్పుడు సూదిరంధ్రములనుండి నాలుగు చుక్కలు వచ్చి, కొంచెముసేపు అదిమిపట్టగానే నిలిచిపోయెడివి. ఈ పద్ధతిని 1902లో లియోన్ వైద్యపత్రికలో ప్రకటించెను.

ఇట్టివానిని ఆ నగరము నెత్తిన పెట్టుకొనవలసినది. కాని శస్త్రవైద్యుని పదవికి జరుగు పోటీపరీక్షలలో ఆయన నెగ్గలేకపోయెను. దానికితోడు అదే 1902లో మరియొక చిక్కు వచ్చిపడెను. ఫ్రాన్సులో లూర్డ్ అను తీర్థమునకు రోగులు రైళ్ళలో పోయెదరు. మన తిరుపతికిని కడప పెద్దదర్గాకును పోవువారివలెనే. కారెల్ ఒక రైలులో వైద్యుడుగా వెంటబోయెను. క్షయవలన పొట్ట ఉబ్బి చావుబ్రతుకులలోనున్న యొక యువతి ఆ తీర్థజలము చల్లిన పిమ్మట కొన్ని గంటలలో తేరుకొనుటను ఆయన కన్నులార చూచెను. చూచినదానిని చూచినట్లు చెప్పెను. నమ్మకము కలవారు ఈయన సందేహించుచున్నాడని అలిగిరి. వైద్యులు ఈయన నమ్ముచున్నాడని వెలివేసినంత పనిచేసిరి. ఏమి జరిగినదో తీర్పు చెప్పుట ఈ రచయిత పని కాదు. ఆ సంఘటనమువలన లియోన్‌లో ఆయనకు తలుపులు మూసికొనుట మాత్రము నిజము. 1904లో ఆయన సముద్రము దాటి కెనడా చేరెను. వైద్యము మాని పశువుల మందను పెంచుకొందునని తలచెనని కూడ చెప్పుదురు.

పశువులు ఆయన చేత పెరుగు యోగము లేకపోయెను. మాంట్రియాల్ సభలో ఆయన ప్రసంగము విన్నవారిద్వారా పేరు వ్యాపించి, అదే సంవత్సరము షికాగో విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో చోటు దొరకెను. అక్కడ చార్లెస్ గత్రీ అను శరీరశాస్త్రజ్ఞుడు తోడయ్యెను; కారెల్ కంటె ఏడేండ్లు చిన్నవాడు. ఇద్దరును కలిసి రెండేండ్లలో చేసిన పని పదిమంది పదేండ్లు చేయదగినది. ధమనిని సిరతో కలిపిరి. తెగిన ధమని నడుమ సిరముక్కను అతికిరి. మూత్రపిండమును ఒకచోటనుండి తీసి మరొకచోట కుట్టిరి. 1905లో ఒక కుక్క మెడలో మరియొక కుక్కగుండెను అమర్చి అది కొట్టుకొనుటను చూచిరి. తరువాత కీర్తియంతయు కారెల్‌నే వరించెను. గత్రీకి రావలసిన పాలు రాలేదని ఈ విషయము నెరిగిన పెక్కుమంది చెప్పుదురు. నాకును అట్లే తోచుచున్నది.

1906లో కారెల్ న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున చేరి, అక్కడ మూడు దశాబ్దములకు పైగా పనిచేసెను. ఆయన శస్త్రశాలను చూచినవారు మొదట బెదరుచుండిరి. గోడలు నల్లనివి, వస్త్రములు నల్లనివి, తలపై ముసుగులు నల్లనివి. వెలుగు తెల్లని బట్టపై పడి కంటికి కొట్టినచో సన్నని దారము కనబడదని ఆయన ఈ యేర్పాటు చేసెను. మూత్రపిండములతో చేసిన ప్రయోగములలో ఒక విచిత్రము కనబడెను. కుక్క మూత్రపిండమును తీసి మరల ఆ కుక్కకే కుట్టినచో అది చక్కగా పనిచేయును, కుక్క చాలకాలము జీవించును. వేరొక కుక్కదానిని కుట్టినచో, కుట్టు ఎంత నిర్దుష్టముగా నున్నను, కొద్ది దినములలో అది చెడిపోవును. లోపము కుట్టులో లేదనియు, దేహము పరాయిదానిని ఒప్పుకొనుటలేదనియు ఆయన గ్రహించెను. ఎందుకు ఒప్పుకొనదో 1940 తరువాత మెడవార్ మొదలగువారు వివరించిరి. 1954లో బోస్టన్ నగరమున కవలసోదరుల నడుమ మొదటిసారి మూత్రపిండపు మార్పిడి ఫలించెను. అప్పుడు నాళములను కలిపినది కారెల్ నేర్పిన కుట్టువంటి కుట్టే.

ఆయన జీవితమున నాకు మిక్కిలి యిష్టమైన ఘట్టము 1908 మార్చి నెలలో జరిగినది. న్యూయార్కులో ఏడ్రియన్ లాంబర్ట్ అను శస్త్రవైద్యునకు ఆడుశిశువు జనించెను. పుట్టిన కొద్ది దినములకే ఆ పసికందునకు ఆగని నెత్తుటిపోటు పట్టుకొనెను. ప్రేగులనుండి, నోటినుండి నెత్తురు వచ్చుచుండెను. శిశువు తెల్లగా పాలిపోయి, ఊపిరి నిలుచు స్థితికి వచ్చెను. పరిశోధనాలయమున కుక్కలకు నాళములు కలుపు ఫ్రెంచివాడొకడు కలడని విని, రాత్రివేళ పోయి ఆయనను నిద్రలేపి తోడ్కొని వచ్చిరి. ఆయనకు ఆ రాష్ట్రమున మనుష్యులకు వైద్యము చేయు అనుమతిపత్రము కూడ లేదు. తండ్రి ఇంటిలోని బల్లపై పండుకొనెను. మత్తుమందు లేకుండగనే అతని మణికట్టు ధమనిని తెఱచి, శిశువు మోకాటి వెనుక సిరకు కారెల్ కుట్టెను. ఆ సిర అగ్గిపుల్లకంటె లావుగా నుండదు, తడికాగితమువలె నుండును. బిగింపు వదలగానే తండ్రి నెత్తురు బిడ్డలోనికి పారెను. ఎంత పారినదో కొలుచు సాధనము లేదు. శిశువు చర్మపు రంగే కొలత. తెల్లని దేహము గులాబిరంగు తిరిగెను; నెత్తుటిపోటు ఆగెను; పిల్ల బ్రతికెను. నెత్తుటి జాతులను లాండ్‌స్టైనర్ కనుగొని అప్పటికి కొన్నేండ్లే అయినది, వానిని పరీక్షించు వాడుక ఇంకను లేదు. తండ్రి నెత్తురు బిడ్డకు సరిపడుట అదృష్టము. న్యూకాసిల్‌లో మొదటి చిల్లును మూయ సలహా ఇచ్చినవాని పేరును, ఇక్కడ బిడ్డకు తన ధమని ఇచ్చినవాని పేరును లాంబర్టే యగుట కేవలము కాకతాళీయము. కాని వ్రాయకుండ నుండలేకపోయితిని.

ఆ దినములలో జంతువులపై ప్రయోగములను అరికట్టవలెనని న్యూయార్కు శాసనసభలో బిల్లు తేబూనిరి. ఈ శిశువు బ్రతికిన వార్త ఆ బిల్లును వ్యతిరేకించువారికి గొప్ప బలమయ్యెను. ఆ ప్రయోగములలో చచ్చిన మూగజీవుల సంగతి తలచినప్పుడు నా మనస్సు నొచ్చును. ఆ బిడ్డ సంగతి తలచినప్పుడు ఆ నొప్పికి బదులు చెప్పలేకపోవుదును.

1912లో కారెల్‌కు వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. మరుసటి యేడు వివాహమాడెను. భార్య రోగుల పరిచర్య నెరిగిన వితంతువు. 1914లో యుద్ధము రాగా ఫ్రెంచి సైన్యమునకు వైద్యుడై, కొంపియేన్ అను చోట ఆసుపత్రిని నడపెను. అక్కడ డేకిన్ అను ఇంగ్లీషు రసాయనవేత్తతో కలిసి, నూటికి అరవంతు పాటి సోడియం హైపోక్లోరైట్ ద్రావకమును రబ్బరు గొట్టములద్వారా గాయపు లోతులకు మాటిమాటికి పంపు పద్ధతిని ఏర్పరచెను. పెన్సిలిన్ లేని ఆ కాలమున అది పెక్కు కాళ్ళుచేతులను కాపాడెను.

కీర్తి పెరిగినకొలది పొరపాట్లును పెద్దవయ్యెను. 1912 జనవరిలో కోడిపిండపు గుండెముక్క నొకదానిని గాజుపాత్రలో పెంచనారంభించిరి. అందలి కణములు ఎన్నటికిని చావవని కారెల్ ప్రకటించెను. ఆయన శిష్యులు దానిని 1946 వరకు నడపిరి. పత్రికలు దానిని చిరంజీవిగా వర్ణించెను. 1961లో హేఫ్లిక్ అను శాస్త్రజ్ఞుడు మామూలు కణములు ఇంచుమించు ఏబదిసార్లు విభాగము పొందిన పిమ్మట ఆగిపోవునని నిరూపించెను. కారెల్ పాత్రకు ఆహారముతోపాటు కొత్త కణములు కూడ చేరుచుండెనేమోయని పలువురు భావింతురు. గొప్పవాని మాటను ముప్పది నలుబది యేండ్లు ఎవరును గట్టిగా పరీక్షింపలేదు. విమానమున అట్లాంటిక్ సముద్రమును ఒంటరిగా దాటిన లిండ్‌బెర్గ్ 1930లో ఆయనకు పరిచయమయ్యెను. వదిన గుండెజబ్బు చూచి, శస్త్రచికిత్సవేళ గుండెకు బదులు యంత్రము ఎందుకు పనిచేయరాదని అడుగ వచ్చినవాడు. ఇద్దరును కలిసి, దేహమునుండి తీసిన అవయవములను బ్రతికించి యుంచు గాజుపంపును 1935లో వెలువరించిరి. అది మెచ్చదగిన పనియే.

అదే 1935లో ఆయన మనుష్యుని గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అది లక్షలుగా అమ్ముడుపోయెను. అందులో ఆయన మేలుజాతి మనుష్యులను పెంచవలెననియు, హంతకులు మొదలగు నేరస్థులను, నేరములు చేసిన పిచ్చివారిని విషవాయువుతో చంపు సంస్థలు నెలకొల్పవలెననియు వ్రాసెను. మరుసటి యేడు వెలువడిన జర్మను ప్రతికి పీఠికలో, లోపము కలవారు పెరుగకుండ హిట్లరు ప్రభుత్వము తీసికొన్న చర్యలను మెచ్చుకొనెను. ఆ చర్యలు ఎంతమంది నిర్భాగ్యుల చావుకు దారితీసెనో లోకమెరుగును. చావబోవు పసికందునకు నిద్రమాని ప్రాణముపోసిన చేయియే ఈ వాక్యములను వ్రాసినది. ఆ కాలమున చాలమంది చదువుకొన్నవారు ఇట్లే తలచిరని కొందరు సమర్థింతురు. కాని తలపనివారును ఉండిరి గదా. పనిలో ఒక్క కుట్టు తప్పినను ఒప్పుకొనని మనుష్యుడు, మనుష్యుల బ్రతుకుచావులను తూచుటలో ఏ పరీక్షయు చేయక తీర్పుచెప్పెను. నా మట్టుకు ఇది క్షమింపరాని తప్పు.

1939లో ఆయన పరిశోధనాలయమునుండి విరమించెను. ఫ్రాన్సు జర్మనుల పాలైన పిమ్మట, 1941లో స్వదేశమునకు తిరిగిపోయెను. జర్మనులకు లొంగిన విషీ ప్రభుత్వము ఆయన చేత ఒక మానవసమస్యల పరిశోధనాసంస్థను పెట్టించెను. 1944 ఆగస్టులో పారిస్ విముక్తి పొందగానే ఆయనను ఆ పదవినుండి తొలగించి, శత్రువులతో చేయి కలిపెనని నేరము మోపిరి. విచారణ జరుగకమునుపే 1944 నవంబరు 5వ తేదీన గుండెజబ్బుచే మరణించెను. బ్రిటనీ తీరమున తనకు గల సెయింట్ గిల్డాస్ అను చిన్న దీవిలోని ప్రార్థనామందిరమున ఆయనను పాతిపెట్టిరి. లియోన్‌లో ఒక వైద్యకళాశాలకు ఆయన పేరు పెట్టిరి. వ్రాసినదానిని మరల చదివినవారు ఆందోళన చేయగా 1996లో ఆ పేరు తీసివేసి, వేరొక వైద్యుడైన లయనెక్ పేరు పెట్టిరి. నాకది న్యాయముగనే తోచుచున్నది. లెరూడియేగారి పేరు పెట్టియున్న ఇంకను బాగుండెడిది.

కుట్టు మాత్రము పేరుతో పనిలేక సాగిపోయెను. అయితే చాలకాలమునకు గాని అది సామాన్యులకు అందలేదు. నెత్తురు గడ్డకట్టకుండ చేయు హెపారిన్ మందు 1930 తరువాత గాని వాడుకలోనికి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన పెద్ద ధమనులను ఎక్కువగా కట్టివేయుచునే యుండిరి. అట్టివారిలో సుమారు సగముమంది అవయవము కోల్పోయిరి. 1950–53 నాటి కొరియా యుద్ధమున అమెరికను వైద్యులు ధమనిని కుట్టుటకు పూనుకొనగా ఆ నష్టము నూటికి 13 వరకు తగ్గెను. కారెల్ పద్ధతి ప్రకటించి అప్పటికి ఏబదియేండ్లు.

మన ఊళ్ళలోనే గుండెకు యాంజియోగ్రామ్ చేయించుకొని, స్టెంటు వేయించుకొని వచ్చినవారు నేడు కనబడుదురు. వారిలో కొందరికి గజ్జలోని ధమనిని సూదితో గ్రుచ్చి, ఆ చిల్లుగుండ సన్నని గొట్టమును గుండెదాక పంపుదురు. పని ముగిసిన పిమ్మట ఆ చిల్లు సంగతి ఏమి? చేతితో అదిమిపట్టి, ఇసుకసంచి బరువు పెట్టి, కాలు కదల్పక గంటలకొలది పండుకొనుమందురు. 1990 తరువాత దీనికి చిన్న పరికరములు వచ్చినవి. చిల్లు చర్మము క్రింద లోతున నుండును, కంటికి కనబడదు. అందుచేత పరికరపు మొనయందొక సన్నని ద్వారము పెట్టిరి. మొన ధమనిలోపల నున్నంతసేపు ఆ ద్వారమునుండి బయటికి నెత్తురు చిమ్ము వచ్చును. వెనుకకు తీసినచో ఆగును. ఆ గుర్తుతో చోటు తెలిసికొని, ఒక రకము పరికరము లోపలినుండియే సూదులను పంపి దారము వేయును. బయట వేసిన ముడిని త్రోసి ధమనిపైకి దించుదురు. మరియొక రకము లోపల చిన్న లంగరును, వెలుపల కొల్లాజెన్ బిరడాను అమర్చును. అవి సుమారు మూడు నెలలలో దేహమున కరగిపోవును. కొలిమిలో కాల్చిన యినుము ఎక్కడ, ఇది ఎక్కడ! ఇప్పుడు మణికట్టు ధమనిగుండ చేయుట ఎక్కువై, చేతికి పట్టీ బిగించి పంపుచున్నారు.

ఉద్దానము ప్రాంతమున మూత్రపిండములు చెడి డయాలిసిస్ చేయించుకొనువారు ఎందరో కలరు. వారిలో చాలమందికి ముంజేతిలో ధమనిని పక్కసిరకు కలిపి కుట్టుదురు; 1966లో న్యూయార్కు వైద్యులు మొదట వెల్లడించిన ఉపాయమది. కొన్ని వారములకు ఆ సిర లావై గట్టిపడును; వారమునకు రెండు మూడుసార్లు సూదులు గ్రుచ్చినను తాళును. ఫిస్టులా అందురు. ఆ చేతితో బరువులెత్తరాదనియు, ఆ చేతికి రక్తపుపోటు చూడనీయరాదనియు, ప్రతిదినము ఉదయము ఆ కుట్టుచోటును తాకి చూచుకొనుమనియు చెప్పి పంపుదురు. వ్రేళ్ళు ఆనించినచో అచట నెత్తురు గుబగుబమని పారుట తెలియును. చెవియొద్ద పెట్టుకొన్నచో ఆ సవ్వడి వినవచ్చును.